పెన్‌డ్రైవులో పదమూడో పాట

ముప్పై ఏళ్ళకు పైగా నేను పాటలు కత్తిరించి బతికాను. కర్నూలులో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పని. చేతిరాత బాగుందని మొదట క్యాసెట్ల మీద పేర్లు రాయడానికి పెట్టుకున్నారు. తర్వాత టేపు కోసి అతికించడం నేర్చుకున్నాను. ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది, అదీ నేర్చుకున్నాను. రిటైరయ్యానని చెప్పుకుంటాను గానీ మా పనిలో దానికి తేదీ అంటూ ఏమీ ఉండదు. ఒకరోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటుంటే తాళాల చప్పుడు పల్చగా వినిపించింది. రికార్డింగే బాగాలేదనుకుని, కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచి వినమన్నాను. "బాగానే ఉంది కదక్కా" అంది. బాగాలేనిది నా చెవి అని తెలిశాక ఇంక చాలనుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "అక్కా, నువ్వు చేసిన వాటిల్లో బాగా గుర్తుండేది ఏది?" అని అడుగుతారు. ఏదో గొప్ప పని చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తుండిపోయినవి మాత్రం ఒకే పనిలో నేను చేసిన రెండు తప్పులు. ఒకటి తెలిసి చేసింది, రెండోది తెలియక చేసింది. తెలియక చేసినదానికి ఒక ఊరు నన్ను దీవించింది. తెలిసి చేసినదానికి ఒక పెద్దమనిషి చేత మాట పడ్డాను, పడాల్సిందే. పేర్లు మాత్రం రాయను. వాళ్ళలో చాలామంది ఇప్పటికీ కర్నూలు బస్టాండులో ఎదురుపడుతుంటారు.

మా ఓనరును అందరూ భాయ్ అంటారు. నాకన్నా మూడేళ్ళు పెద్ద, అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు. క్యాసెట్లు నడిచినన్నాళ్ళూ మా దగ్గర రికార్డు కాని పాట లేదు. ఉరుసు ఖవ్వాలీలు, చెక్కభజనలు, పెళ్ళిపాటలు, ఎన్నికల పాటలు, అన్నీ అయ్యాయి. క్యాసెట్లు పోయి, సీడీలు కూడా పోయాక షాపును నిలబెట్టింది చర్చి పాటలే. నందికొట్కూరు, ఆత్మకూరు వైపు పల్లెల్లో పాతకాలపు సంఘాలు చాలా ఉన్నాయి. ఒక సంఘానికి మా పని నచ్చితే ఇంకో సంఘానికి చెప్పేవాళ్ళు. వాళ్ళ దగ్గర మాట పోయిందంటే షాపు మూసుకోవలసిందేనని భాయ్‌కి తెలుసు, నాకూ తెలుసు.

నేను పని మానడానికి ఏడాది ముందు, వానలు వెనకబడిన ఒక ఆగస్టులో, నందికొట్కూరు దాటాక ఉండే ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, ఆ ఊరి చర్చికి సంఘపెద్ద. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా.

డబ్బాను నా బల్ల మీద పెట్టి, మూత తీయకుండానే అడిగాడు. "వీటిని పలికించగలరామ్మా మీరు?"

లోపల నాలుగు స్పూలు టేపులు ఉన్నాయి. క్యాసెట్లు రాకముందు ఇంత పెద్ద చక్రాలకు చుట్టి ఉండేవే, అవి. అరవై ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో ఒక దొరసాని ఉండేదట. చర్చి పక్కన చిన్న దవాఖానా నడిపిన నర్సు. ఆమెకు బ్యాటరీతో నడిచే రికార్డరు ఒకటి ఉండేది. ఊరి ఆడవాళ్ళు, మగవాళ్ళు పాడే దేవుని పాటలన్నీ అందులోకి ఎక్కించుకునేది. సొంత దేశానికి వెళ్ళిపోతూ టేపులు చర్చి బీరువాలో వదిలి వెళ్ళింది. అప్పటినుంచి వాటిని ఎవరూ విన్నది లేదు, వినే మిషనూ లేదు.

"మా గుడికి నూరేళ్ళు నిండుతాండాయి," అన్నాడు హెడ్మాస్టరు. "ఇంటికొక పెన్‌డ్రైవు పంచాలని సంఘంలో అనుకొన్యాం. ట్రాక్టర్లలో, ఆటోల్లో పెట్టుకొని ఇంటారు. మా పెద్దోళ్ళ గొంతులుండాయి దీంట్లో. మా నాయన కట్టిన పాట గుడక ఉండాది."

అని ఊరుకోలేదు. షాపులో నిలబడే ఆ పాట ఎత్తుకున్నాడు.

"చీకటి తోవన పోతిని తండ్రీ, చెయ్యి పట్టి నన్ను తెస్తివి తండ్రీ,
ముళ్ళను తీసి, నీళ్ళను పోసి, మోడుకు చిగురు పెడితివి తండ్రీ..."

ఆ పాట నాకు కొత్త కాదు. ఆ చుట్టుపక్కల సంఘాలన్నింటికీ వచ్చు. వేరే వేరే బృందాలతో నేనే నాలుగైదు సార్లు రికార్డు చేశాను. వాళ్ళ పాటల పుస్తకంలో ఆ పాట కింద ఈయన తండ్రి పేరు అచ్చయి ఉంటుంది. ఆయన మిషన్ బడిలో అయ్యవారు. పాట పాడుతున్నంతసేపూ కొడుకు కళ్ళు మూసుకునే ఉన్నాడు. భాయ్ బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు.

మా షాపులో మూలపడిన స్పూలు మిషను బెల్టు ఎండిపోయి ఉంటే, కడపలో ఒక పాత రేడియో మెకానిక్ దగ్గర ఇంకోటి దొరికింది. టేపులకు బూజు పట్టింది. మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ జానెడు జానెడు విప్పాను. తెగినచోటల్లా అతుకు వేశాను. ఇవన్నీ ఓపికతో అయ్యే పనులు. నన్ను కష్టపెట్టింది నాలుగో టేపు. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ నీరసించి టేపు నెమ్మదిగా తిరిగినట్టుంది, ఇప్పుడు మామూలు వేగంతో వేస్తే ఆడవాళ్ళందరూ చిన్నపిల్లల్లాగా కీచుగా, పరుగెత్తి పాడుతున్నట్టు వినిపించారు. ఎంత నెమ్మది చేస్తే అది వాళ్ళ అసలు గొంతవుతుందో ఎలా తెలుస్తుంది? వాళ్ళనెప్పుడూ విన్నదాన్ని కాను.

రెండు రోజులు అవస్థపడ్డాను. మూడో రోజు, పాటకు ముందు దూరంగా చర్చి గంట రెండుసార్లు మోగడం పట్టుకున్నాను. హెడ్మాస్టరుకు ఫోన్ చేసి ఆ గంట ఇంకా ఉందా అని అడిగాను.

"అదే గంటమ్మా, యాడికి పోతాది? రోజూ కొడతాండాం."

"అయితే ఒకసారి కొట్టి, ఫోనులో రికార్డు చేసి పంపండి సార్."

ఆయనకు నేనేం చేయబోతున్నానో అర్థం కాలేదు గానీ పంపాడు. ఆ గంటకూ టేపులోని గంటకూ స్వరం కలిసేదాకా వేగం తగ్గించుకుంటూ వచ్చాను. కలిసిన క్షణంలో పిల్లల గొంతులు పోయి, ఎండలో పనిచేసిన ఆడవాళ్ళ గొంతులు వచ్చాయి. గట్టి గొంతులు, కొంచెం బొంగురు. అందరికన్నా ముందు ఒకామె ఎత్తుకుంటోంది, మిగతావాళ్ళు అందుకుంటున్నారు. "చీకటి తోవన పోతిని తండ్రీ..." ఆ పాటను అంత బాగా పాడగా నేను వినలేదు.

పాట అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతోంది. దొరసాని గొంతు వినిపించింది, ముక్కలు ముక్కల తెలుగులో. "ఇంకొకటి. మీ పాట. పొలము పాట."

"అయ్యో దొరసానమ్మా, అది గుడిలో పాడేది కాదు," అంది పాట ఎత్తుకున్నామె. ఆడవాళ్ళు నవ్వారు. ఒక చిన్నపిల్ల, పదేళ్ళుంటాయేమో, "పాడుమా, పాడు" అని గారాలు పోయింది. పాడింది.

"ఆత్మకూరు సంతకు పోయె మామా, గాజులు తెస్తనని పోయె మామా,
గాజులు మరిచె, గొర్రెను తెచ్చె, గొర్రెకు గంటలు కట్టె మామా..."

అదే రాగం. అక్షరం అక్షరం అదే నడక. అక్కడ తండ్రీ అన్నచోట ఇక్కడ మామా. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంకో సంగతి, ఆ రాగం నేను పుట్టి పెరిగిన రాగం. పత్తికొండ పక్కన మా చేలల్లో కలుపు తీస్తూ మా అమ్మా పాడేది. మాటలు వేరు, మా అమ్మ పాటలో మామ సంతకు పోడు, వదిన అలిగి పుట్టింటికి పోతుంది. ఆ దేవుని పాటను అన్నిసార్లు రికార్డు చేసి కూడా ఆ పోలిక నా చెవికి తట్టలేదు. హార్మోనియం, కీబోర్డు పక్కన అది చేను పాట అని తెలియనే తెలియదు.

"అదే రాగం!" అంది దొరసాని టేపులో.

"అదే మల్ల," అంది ఆమె. "చెనిక్కాయల చేన్లో ఇదే పాడతాంటిమి. మా పాపకు జరమొచ్చి, ఇంగ బతకదనిరి. దేవుని దయ, తగ్గినాది. ఆ దినం చేన్లో మామా అనే తావులో తండ్రీ అని పెట్టి పాడుకొంటి. అట్ల వచ్చినాది ఆ దేవుని పాట. నాకి రాసేది రాదు గదా, అయ్యవారితో చెప్పి రాయిస్తి."

టేపు అక్కడితో అయిపోయింది.

నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. పుస్తకంలో ఉన్న పేరు అయ్యవారిది. కట్టింది ఈమె. మూడు వారాల కిందట మా షాపులో కళ్ళు మూసుకుని ఆ పాట పాడినాయనకు ఈ సంగతి ఎలా చెప్పడం?

భాయ్‌ని పిలిచి వినిపించాను. గొర్రెకు గంటలు కట్టేచోట పడీపడీ నవ్వాడు. చివరి మాటలు విన్నాక నవ్వు ఆగిపోయింది.

"అక్కా, వాళ్ళు అడిగింది దేవుని పాటలు. పన్నెండు వచ్చినాయా? వచ్చినాయి. ఇచ్చేద్దాం. మనం దర్జీలం అక్కా, ఇచ్చిన కొలతకి కుట్టాల. మిగిలిన గుడ్డ సంగతి మనకెందుకు? పండగ ముందర ఆ పెద్దమనిషిని పరేషాన్ చేసి మనకొచ్చేదేముంది?"

కాదనలేదు. అదే నేను తెలిసి చేసిన తప్పు. భాయ్ మీద తోసేయడం సులువే గానీ, నిజానికి ఆ మాట ఆయన చెప్పకముందే నేను అనుకున్నాను. నాకు భయం వేసింది. చేను పాటను, దాని ముందూ వెనకా ఉన్న మాటలను వేరే ఫైలు చేసి పక్కన పెట్టాను. తుడిచేయడానికి మాత్రం చేయి రాలేదు. ఈలోపు హెడ్మాస్టరు మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ "బాగా వచ్చింది సార్" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

దీపావళి అయ్యాక వచ్చే ఆదివారం గుడి నూరేళ్ళ పండగ. శుక్రవారం నాడు పెన్‌డ్రైవులన్నీ నింపి, రెండు అట్టపెట్టెల్లో సర్ది పంపేశాం. శనివారం సాయంత్రం ఇంటికి పోబోతూ కంప్యూటరు సర్దుతుంటే ఒక పెన్‌డ్రైవు మిగిలి కనిపించింది. ఊరికే పెట్టి చూశాను. పన్నెండు పాటలుండాలి. పదమూడు ఉన్నాయి.

పక్కన పెట్టానన్న ఫైలును నేను పెన్‌డ్రైవులకు ఎక్కించే ఫోల్డరులోనే పెట్టాను. అంతే, ఇంకేమీ లేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి చేసే తప్పు కాదు. ఇంటింటికీ వెళ్ళబోయే ప్రతి పెన్‌డ్రైవులోనూ సంతకు పోయిన మామ ఉన్నాడు. అయ్యవారి సంగతీ ఉంది.

హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. పండగ పనుల్లో ఫోను ఎక్కడ పెట్టాడో. భాయ్‌తో చెబితే ఆయనా ఒకటి నుంచి పదమూడు దాకా లెక్కపెట్టి చూసుకున్నాడు. "పొద్దున్నే వ్యానులో పోదాం. పంచకముందే దొరికితే ఆపుకోవచ్చు," అన్నాడు.

తెల్లారగానే బయలుదేరాం. దారి పొడుగునా మొక్కజొన్న కండెలు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. ఆ కండెలను తప్పించుకుంటూ వ్యాను పాకుతోంది. నేను కూర్చున్నచోటే ఉరుకుతున్నాను. హెడ్మాస్టరుతో ఏం చెప్పాలో భాయ్ నాకు నేర్పుతున్నాడు, నేను భాయ్‌కి నేర్పుతున్నాను. ఊరి మలుపు దగ్గరికి వచ్చేసరికి మైకు వినిపించింది. మా పెన్‌డ్రైవే. నాలుగో పాట నడుస్తోంది.

చర్చి ముందు పెద్ద పందిరి వేశారు. చుట్టుపక్కల సంఘాలన్నీ ట్రాక్టర్లలో దిగుతున్నాయి. పిల్లల జడల నిండా కనకాంబరాలు, ఆడవాళ్ళ కొత్త చీరలు, ఒక పక్క పొయ్యిల మీద అన్నం గుండిగలు. పెన్‌డ్రైవులు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి, ఆరాధన అయ్యాక పంచుతారట. ఒక్కటి మాత్రం మైకుసెట్టు అతని దగ్గర ఉంది. జనం కూర్చునేదాకా వరసగా వేయమన్నారట. అతను పందిరికి ఆ చివర, వేదిక వెనక ఉన్నాడు.

భాయ్ అటు పరుగెత్తాడు. ట్రాక్టర్ల మధ్య చిక్కుకుపోయాడు. నేను హెడ్మాస్టరు కోసం వెతికాను. ఆయనే నన్ను చూశాడు.

"వచ్చినారామ్మా! శానా సంతోషం!" అని రెండు చేతులూ జోడించి, నన్ను పట్టుకుపోయి వేదిక పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. తొమ్మిదో పాట నడుస్తోంది. స్పీకరు పెట్టె పక్కనే కుర్చీ, చెవులు గింగుర్లెత్తుతున్నాయి. నేను ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాను.

"సార్, పదమూడు ఉన్నాయి సార్! పన్నెండు కాదు, పదమూడు!"

"అవునమ్మా, పదమూడు సంఘాలు వచ్చినాయి! ఇంగా వస్తాండారు!" అని ఆయనా నా చెవిలో సంతోషంగా అరిచాడు. టీ తెప్పించాడు. ఎవరినో పిలిచి శాలువా తెమ్మన్నాడు. టీ గ్లాసు పట్టుకుని ఇంకోసారి చెప్పబోయేలోపు ఆయన పాస్టరుగారికి ఎదురు వెళ్ళిపోయాడు. పదో పాట అయింది, పదకొండో పాట అయింది.

పన్నెండో పాట మొదలైంది. "చీకటి తోవన పోతిని తండ్రీ..." పందిరి మొత్తం అందుకుంది. ఎదురుగా చాప మీద ఆడవాళ్ళలో ఒక ముసలామె కూర్చుని ఉంది. సన్నగా, వెదురు బద్దలా ఉంది, చేతుల నిండా ఎర్ర గాజులు. ఆమె కూడా పాడుతోంది. రెండో చరణంలో ఉన్నట్టుండి పాడటం ఆపేసింది. తల పక్కకు వాల్చి, పెట్టె వైపు చెవి పెట్టింది. నేను ఆమెనే చూస్తుండిపోయాను, టీ చల్లారిపోయింది.

పాట అయిపోయింది. దొరసాని మాట, ఆడవాళ్ళ నవ్వు, "పాడుమా, పాడు" అన్న పిల్ల గారాం, అన్నీ పందిరి మీదుగా, పందిరి దాటి చేలల్లోకి వెళ్ళాయి. ఆ తర్వాత మామ ఆత్మకూరు సంతకు బయలుదేరాడు.

మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గొర్రె వచ్చేసరికి పిల్లలు కిసుక్కుమన్నారు. గంటలు కట్టేసరికి ఆడవాళ్ళ చాపలన్నీ నవ్వుతున్నాయి. వెనక ఎవరో ముసలాయన తాళం కూడా వేశాడు. పక్క ఊరి సంఘపెద్ద ఒకాయన లేచి, "ఏమప్పా ఇది? గుడి పందిట్లో మామ పాటలు పెట్టేది?" అని గట్టిగా అన్నాడు.

ముసలామె వెనక్కి తిరిగింది. "మామ పాటైతే ఏమప్పా? మీ నాయన మీ యమ్మకు మామ కాకనే నువ్వు పుట్టినావా? నోరు మూసుకొని ఇను. అది మా యమ్మ గొంతు."

ఆయన కూర్చున్నాడు. టేపులోని మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ వినిపించాయి. మా పాపకు జరమొచ్చి. ఇంగ బతకదనిరి. మామా అనే తావులో తండ్రీ అని. అయ్యవారితో చెప్పి రాయిస్తి.

ముసలామె లేచి వచ్చి పెట్టెకు ఎదురుగా, జానెడు దూరంలో నిలబడింది. "ఆ పాప నేనే," అంది, ఎవరితోనో కాదు, పెట్టెతోనే. "నాకి జరమొచ్చిన సంగతి నాకే గుర్తులేదే."

హెడ్మాస్టరు నా దగ్గరికి వచ్చాడు. జనమంతా ఆయన్నే చూస్తున్నారు, పుస్తకంలో ఎవరి పేరుందో అందరికీ తెలుసు.

"దీన్ని ఎవరు పెట్టమన్యారమ్మా?"

లేచి నిలబడ్డాను. "ఎవరూ చెప్పలేదు సార్. పొరపాటున ఎక్కింది. తీసి పక్కన పెట్టాననుకున్నాను."

"అంటే నీకి ముందే తెలుసు."

"తెలుసు సార్. రెండు నెలల నుంచి."

"మూడుసార్లు ఫోన్ చేస్తినే నేను," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఒక మాట చెప్పలేకపోయినావామ్మా? నాకి చెప్పి, ఏం చేయల్లనో నన్ను అడగలేకపోయినావా? ఇంతమందిలో ఇట్ల తెలియల్లనా నాకి?"

అప్పటికి భాయ్ చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "తప్పు నాది సార్, నేనే వద్దన్నా," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న గౌరవం రెట్టింపయింది. కుర్రవాడైన పాస్టరుగారు ఏం చేయాలో తెలియక, "అయ్యా, ఆరాధన మొదలుపెడదామా?" అన్నాడు మెల్లగా. కొందరు ఆడవాళ్ళు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు. పేరు, పుస్తకం, అయ్యవారు అన్న మాటలు అక్కడక్కడ వినపడుతున్నాయి.

ముసలామె వచ్చి మా మధ్య నిలబడింది. ఎవరి ముఖమూ చూడకుండా మైకుసెట్టు అతనికి చెయ్యి ఊపింది.

"పేరు సంగతి మల్ల చూసుకొందురు లేప్పా. ముందు మా యమ్మను ఇంగొకసారి మాట్లాడించు."

మళ్ళీ వేశాడు. ఈసారి ఎవరూ గుసగుసలాడలేదు. పాట వచ్చేసరికి ముసలామె చీర కొంగు దోపుకుని చేతులు చరచడం మొదలుపెట్టింది. ఆమె పక్కన ఇంకో ముసలామె లేచింది, ఆమె పక్కన ఇంకొకామె. ఆ వేరుశెనగ చేలల్లో పాడినవాళ్ళు ఇంకా చాలామందే మిగిలి ఉన్నారు. పాట అయిపోగానే, ఎవరూ చెప్పకుండానే, అదే చప్పట్ల మీద "చీకటి తోవన పోతిని తండ్రీ" అందుకున్నారు. హార్మోనియం లేదు, కీబోర్డు లేదు. ఒక్క చప్పట్లే. అరవై ఏళ్ళ కిందటి టేపులో విన్న పాట నా ఎదురుగా నడుస్తోంది. నేను పనిలో ఉన్నన్నాళ్ళలో రికార్డు చేయకుండా వదిలేసినందుకు బాధపడని పాట అదొక్కటే. వినడంలోనే మునిగిపోయాను.

హెడ్మాస్టరు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. పాట ముగిశాక లేచాడు. పాస్టరుగారి చేతిలోని పాటల పుస్తకం అడిగి తీసుకుని, పేజీ తిప్పి, జేబులోంచి పెన్ను తీశాడు.

"అక్కా," అన్నాడు ముసలామెతో, మైకులో. "మీ యమ్మ పేరు నిండుగా చెప్పు. ఇంటిపేరుతో."

ఆమె చెప్పింది. ఆయన రాశాడు. బడిలో హాజరు పిలిచినట్టు ఆ పేరును అందరికీ చదివి వినిపించాడు.

"ఈ పాట కట్టింది ఈమె. రాసింది మా నాయన. మా నాయన దస్తూరి ముత్యాల మాదిరి ఉంటాండె. ఆయనకు ఆ పేరు చాలు. ఈసారి పుస్తకం అచ్చేసినప్పుడు ఈమె పేరే ఉండాల." అంతవరకు గట్టిగానే చెప్పాడు. తర్వాత పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముసలామె ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఏడవగాకు రా. మీ నాయన రాసిపెట్టకుంటే మా యమ్మ పాట ఆ చేన్లోనే పోతాండె," అంది.

పెన్‌డ్రైవులు అలాగే పంచారు. ఒక్క ఫైలు కూడా తీయనివ్వలేదు.

భోజనాల దగ్గర హెడ్మాస్టరు నాకూ భాయ్‌కీ తనే వడ్డించాడు. నా విస్తట్లో రెండోసారి అన్నం వేస్తూ ఆగి అన్నాడు. "నిన్ను అంటిని గానీ అమ్మా, నువ్వు ముందే చెప్పింటే నేను ఏం చేసింటినో నాకే తెలీదు. తీసెయ్యమనింటినేమో."

ఆ మాట నాకు శాలువాకన్నా ఎక్కువ. అయినా దాన్ని నా తప్పుకు సాకుగా వాడుకోను. తీసేయమని చెప్పే హక్కైనా, ఉంచమని చెప్పే హక్కైనా ఆయనకే ఉండేది, ఆ ముసలామెకు ఉండేది. నేను వాళ్ళనుంచి దాన్ని తీసుకుని నా సొరుగులో దాచుకున్నాను. ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగింది అదొక్కటే. మీ చెవిన పడినది, అది ఎవరిదో వాళ్ళకు చెప్పేయండి. అదృష్టం కొద్దీ తప్పు ఫోల్డరు నన్ను కాపాడింది. ప్రతిసారీ కాపాడదు.

తిరిగి వస్తుంటే భాయ్ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. "ముప్పై ఏళ్ళలో నువ్వు చేసిన మంచి పని తప్పు ఫోల్డరులో పెట్టడమే అక్కా," అన్నాడు. నందికొట్కూరు దాటాక మామ పాట ఎత్తుకున్నాడు, గొర్రె దగ్గర మాట మరిచిపోయి దారిలో నేను పాడి వినిపించిన మా అమ్మ పాటలోని వదినను కలిపేశాడు. నేను దిద్దలేదు. ఇద్దరం కలిసి ఆ కలగాపులగం పాటనే కర్నూలు దాకా పాడుకుంటూ వచ్చాం.

షాపుకు చెడ్డపేరు వస్తుందని భయపడ్డాం కదా, నెల తిరిగేసరికి డబ్బాలు రావడం మొదలైంది. పందిట్లో లేచి మామ పాటలేమిటన్న పక్క ఊరి సంఘపెద్దే అందరికన్నా ముందు వచ్చాడు. వాళ్ళ బీరువాలోనూ రెండు స్పూళ్ళు ఉన్నాయట. "దేవుని పాటలే గాదు, ఉండేటివన్నీ తియ్యి తల్లీ, ఏదీ కొయ్యగాకు," అన్నాడు తల గోక్కుంటూ. కడప వైపు నుంచి ఒక కుటుంబం పాత గ్రామఫోను రికార్డులు తెచ్చింది. ఒకవైపు స్తోత్రం, ఇంకోవైపు తోటికోడళ్ళ సంవాదం, రెండూ ఒకే గొంతు. ఈసారి మొదటి రోజే ఫోన్ చేసి ఏముందో చెప్పేశాను. అవతల వాళ్ళు ఎంత నవ్వారంటే ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. చెవులు మొరాయించేదాకా ఆ ఏడాదంతా అలాంటి పనే చేశాను. ఏ ఏడాదీ అంత సంతోషంగా పనికి పోలేదు.

ముసలామె నంబరు తీసుకున్నాను. మొదటిసారి చేసినప్పుడు చాలాసేపు మోగి ఆగిపోయింది. కంగారుపడి మళ్ళీ చేయబోతుంటే తనే చేసింది. మనవరాలు ఆ టేపులోని పాటను ఫోనుకు రింగుటోనుగా పెట్టిచ్చిందట, ఎవరు చేసినా వాళ్ళమ్మే పాడుతుంది. వెంటనే ఎత్తవచ్చు కదవ్వా, ఏమైందోనని భయపడ్డాను అన్నాను.

"ఎట్ల ఎత్తేది మా? ఎత్తితే మా యమ్మ నోరు మూసినట్లు అయితాది గదా," అంది. "నువ్వు చేస్తాండు. అది పూరా అయిపోనీ. నిలిచిపోయినంక నేనే చేస్తా."